క్లోజప్‌లో ఎర్రగీతలు

రెండు వారాల కిందట ఇదే పేజీలో మొటిమల గురించి రాశానా... ఆ దెబ్బతో వచ్చిపడ్డ ఉత్తరాలు చదవడానికే మూడు రాత్రులు పట్టింది! వాటిలో ముప్పాతిక వంతు, "ఫలానా హీరోయిన్ ముఖానికి ఏం రాసుకుంటుంది?" అనే పాత ప్రశ్నే. ఒక్క ఉత్తరం మాత్రం విడిగా తీసి పక్కన పెట్టాను. పెట్టానేగాని, అది నన్ను వదిలితేనా!

రాసింది తెనాలి నుంచి ఒక చెల్లెలు. డిగ్రీ రెండో సంవత్సరమట. ఆ అమ్మాయి ఉత్తరం సారాంశం ఇదీ:

"అన్నయ్యా! ఆరు నెలల నుంచీ నా బుగ్గల మీదా, ముక్కుకి అటూ ఇటూ సన్నని ఎర్రగీతలు కనబడుతున్నాయి. దారప్పోగులు అంటించినట్టుంటాయి. సెల్ఫీ తీసి పెద్దది చేసి చూసుకుంటే ఏడుపొస్తోంది. రెండు నెలల్లో మా అక్క పెళ్ళి. మా దగ్గర ఒకచోట లేజరుతో ఒకే సిట్టింగులో మొత్తం తీసేస్తామంటున్నారు. చేయించుకోమంటారా? ఇంకొక్క మాట. మా పిన్ని ఇచ్చిన క్రీము ఏడాదిగా రాస్తున్నాను. రంగు బాగానే వచ్చింది. అది రాస్తూనే లేజరు చేయించుకోవచ్చా?"

చూశారా? అసలు కథంతా ఆ చివరి నాలుగు వాక్యాల్లో వుంది. ఆ అమ్మాయేమో దాన్ని "ఇంకొక్క మాట" అనుకుంది!

ఎలా కనిపెట్టానంటారా? ఆ కథలో నేనూ వేషం వేశాను గనక.

నేను వేసిన వేషం

నాకప్పుడు ఇరవయ్యారేళ్ళు. పత్రికలకి రాసుకుని బతికేవాణ్ణి (ఇప్పుడూ అంతేననుకోండి!). ఒక యూట్యూబ్ ఛానెల్ వాళ్ళు పిలిచి, "మీకు ఫీల్డు బాగా తెలుసు, తారలతో ఇంటర్వ్యూలు మీరే కెమేరా ముందు కూర్చుని చెయ్యండి" అన్నారు. కలం పట్టేవాణ్ణి కెమేరా ముందు కూచోబెడితే ఏమవుతుంది? అద్దం దగ్గిరకి పరిగెడతాడు! నావన్నీ మొటిమల మచ్చలు. పైగా చామనఛాయ. మా వీధిలో మందుల షాపు కుర్రాడు నాకు స్నేహితుడు. "ఇది రాయి గురూ, పదిరోజుల్లో నువ్వే హీరో" అని ఒక ట్యూబు చేతిలో పెట్టాడు.

వాడన్నట్టే పదిరోజుల్లో ముఖం తెల్లబడింది. బతుకు తెల్లారింది మాత్రం ఆ తరవాత!

ఎందుకంటే ఆ క్రీము రెండురోజులు మానేస్తే ముఖం మంట, దురద, కందిపోయిన ఎరుపు, గుత్తులుగా మొటిమలు. మళ్ళీ రాస్తే హాయి. అంచేత మళ్ళీ రాశాను. ఇలా ఏడాదిన్నర. ఒకరోజు గడ్డం గీసుకుంటూ చూద్దును కదా, బుగ్గల మీద ఎర్రసిరాతో గీసినట్టు సన్నని గీతలు! కడిగితే పోవు. రుద్దితే ఇంకా ఎర్రబడతాయి.

ఆ రోజుల్లోనే హైదరాబాదు శివార్లలో ఒక షూటింగుకి వెళ్ళాను. మేకప్ గదిలో ఒక పెద్దాయన, కోడంబాకం రోజులనుంచీ రంగు పూస్తున్న మనిషి, ఒక క్యారెక్టర్ నటుడి ముక్కు పక్కన ఆకుపచ్చ రంగు అద్దుతున్నాడు. "ఇదేమిటి మేష్టారూ, పౌరాణికమా?" అని జోకేశాను. ఆయన నవ్వలేదు. పని పూర్తిచేసి, నా గడ్డం పట్టుకుని ముఖాన్ని బల్బు వైపు తిప్పాడు.

"ఏం క్రీము రాస్తున్నావు బాబూ?"

చెప్పాను.

"ఎన్నాళ్ళయింది?"

అదీ చెప్పాను.

"ఈ గీతలు నాకు కొత్తకాదు. ఇదివరకు ఎండల్లో యేళ్ళతరబడి తిరిగిన వాళ్ళ ముఖాల్లో చూసేవాణ్ణి, ముసలితనంలో చూసేవాణ్ణి. ఇప్పుడు ఇరవయ్యేళ్ళ పిల్లల ముఖాల్లో చూస్తున్నాను. చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఆలస్యం చెయ్యకు" అన్నాడాయన.

వింటే నేనెందుకవుతాను! డాక్టరు దగ్గరికి కాకుండా, రంగురంగుల బోర్డు చూసి ఒక క్లినిక్కుకి వెళ్ళాను. అక్కడ డాక్టరు కనబడలేదు. తెల్లకోటు వేసుకున్న ఒక టెక్నీషియన్, "లేజర్ సార్, గంటలో ఇంటికెళ్ళిపోవచ్చు" అన్నాడు. "ఏమైనా క్రీములు రాస్తున్నారా?" అని అడగలేదు. "ఎండలో తిరుగుతున్నారా?" అని అడగలేదు. టకటకమని మెరుపులు కొట్టి పంపేశాడు. మూడోరోజుకి నా బుగ్గల మీద అగ్గిపెట్టె ముద్రలు వేసినట్టు, నలుచదరపు నల్లమచ్చలు వరసగా తేలాయి. ఎర్రగీతలు ఎక్కడివక్కడే వున్నాయి!

ఆ మచ్చలు తగ్గడానికి ఏడు నెలలు పట్టింది. ఛానెల్ వాళ్ళు ఈలోగా ఇంకొకర్ని చూసుకున్నారు. నేను వీధిలోకి వెళితే మాస్కు వేసుకుని వెళ్ళేవాణ్ణి. నాకు జరిగింది ఆ తెనాలి చెల్లెలికి జరక్కూడదని ఈ వారం పేజీ మొత్తం దీనికే కేటాయిస్తున్నాను.

ఇంతకీ ఏమిటీ గీతలు?

డాక్టర్ల భాషలో వీటి పేరు టెలాంజియెక్టేసియా. నోరు తిరగకపోతే "ఎర్రదారాలు" అనుకుందాం, పోయేదేముంది!

మన చర్మం కింద కంటికి ఆనని సన్నని రక్తనాళాలు వలలా అల్లుకుని వుంటాయి. ముఖానికి వేడి తగిలినా, సిగ్గేసినా, కోపమొచ్చినా అవి విచ్చుకుంటాయి. రక్తం ఎక్కువగా పారుతుంది. బుగ్గలు ఎర్రబడతాయి. తరవాత మళ్ళీ ముడుచుకుంటాయి. ఇది మామూలే. కొన్ని నాళాలు మాత్రం సాగిపోయిన లాగూ ఎలాస్టిక్కులా ఇక ముడుచుకోవు. విచ్చుకునే వుండిపోతాయి. వాటిలోని రక్తం చర్మం లోంచి ఎర్రగానో, నీలంగానో కనబడుతుంది. వీటి మందం మిల్లీమీటరులో పదో వంతు నుంచి ఒక మిల్లీమీటరు దాకా వుంటుంది. పారదర్శకమైన గాజుముక్కతో మెల్లిగా నొక్కితే రక్తం పక్కకి జరిగి గీత మాయమవుతుంది. వదిలితే మళ్ళీ ప్రత్యక్షం!

ఎందుకొస్తాయి? ఎండ ఒక కారణం. వంశం ఇంకొకటి. వయసు మూడోది. గర్భిణీ స్త్రీలకి కొన్ని వస్తాయి, కాన్పు తరవాత చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. 'రొజేషియా' అని ఒక చర్మవ్యాధి వుంది. వేడి టీ తాగినా, కారం తిన్నా, ఎండలోకి వెళ్ళినా ముఖం జేవురించి, క్రమంగా ఈ గీతలు తేలతాయి. మన ఛాయ మీద ఆ ఎరుపు తొందరగా పట్టుబడదు గనక చాలామంది దీన్ని మొటిమలనే అనుకుంటారు.

ఇక మన కుర్రకారు ముఖాల్లో తరచు కనబడే కారణం... ఆ ట్యూబు! అందులో వుండేది స్టెరాయిడ్. క్లోబెటసాల్, బీటామెథసోన్, మోమెటసోన్, ఫ్లూసినోలోన్... పేరు ఏదైనా జాతి ఒకటే. నిజం చెప్పాలంటే ఇవి మంచి మందులే. గజ్జికీ తామరకీ కాదుగాని, ఎగ్జిమా, సోరియాసిస్ లాంటివాటికి డాక్టరు చెప్పినచోట, చెప్పినన్ని రోజులు రాస్తే ప్రాణం లేచొస్తుంది. ముఖానికి నెలలతరబడి రంగుకోసం రాస్తేనే విలన్లవుతాయి.

ఎలాగంటే: స్టెరాయిడ్ రాయగానే రక్తనాళాలు బిగుసుకుంటాయి. ముఖం పాలిపోయి తెల్లగా కనబడుతుంది. మనం "రంగొచ్చింది" అని మురిసిపోతాం. లోపల మాత్రం చర్మానికి బలాన్నిచ్చే కొల్లాజెన్ అనే పదార్థం తరుగుతూ వుంటుంది. చర్మం పలచబడుతుంది. నాళాలకి చుట్టూ వుండే ఆసరా పోతుంది. క్రీము ఆపగానే బిగుసుకున్న నాళాలన్నీ ఒక్కసారిగా విచ్చుకుంటాయి. వాటిని పట్టి వుంచే గోడ లేదు, కప్పి వుంచే తెరా పలచబడింది. అంచేత గీతలు బయటపడతాయి. దీన్ని డాక్టర్లు 'స్టెరాయిడ్ దెబ్బతిన్న ముఖం' అని విడిగా ఒక పేరుపెట్టి పిలుస్తున్నారంటే మనదేశంలో ఎంతమంది దీని పాలబడ్డారో ఊహించుకోండి. 2011లో అచ్చయిన ఒక పరిశీలనలో, మనదేశంలోని 12 కేంద్రాలలో ముఖచర్మం సమస్యలతో వచ్చిన 2926 మందిని అడిగితే 433 మంది ముఖానికి స్టెరాయిడ్ రాస్తున్నవాళ్ళే! వాళ్ళలో సగానికి పైగా డాక్టరు కాని వాళ్ళ సలహా మీద మొదలెట్టినవాళ్ళు. స్నేహితులు, బంధువులు, షాపువాళ్ళు... అంటే నాలాంటి వాళ్ళూ, తెనాలి చెల్లెళ్ళూ అన్నమాట.

2018లో కేంద్రప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ లేపనాల్ని చీటీ లేకుండా అమ్మకూడదన్న జాబితాలోకి చేర్చింది. చట్టం చట్టమే, పిన్నిగారి ప్రేమ పిన్నిగారి ప్రేమే!

ఇక్కడ ఇంకో మాట ఒప్పుకోవాలి. ఈ పాపంలో మా సినిమా పత్రికల వాళ్ళకీ వాటా వుంది. "పాలమీగడ లాంటి మేనిఛాయ" అని హీరోయిన్ల గురించి యేళ్ళతరబడి రాసింది మేమే. ఆ మీగడ ఎన్ని పొరల మేకప్పో, ఎన్ని వేల వాట్ల దీపాలో మాత్రం రాయలేదు!

తీయించుకోవడానికి దారులు

సరే, గీతలు వచ్చేశాయి. ఇప్పుడేమిటి? దారులు చాలా వున్నాయి. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది, ఏమీ చెయ్యకపోవడం. నవ్వకండి, ఇది కూడా ఒక దారే! ముఖం మీది ఎర్రదారాలు మామూలుగా ప్రమాదం కాదు, నొప్పి వుండదు, ఇంకొకరికి అంటదు. కారణాన్ని ఆపితే కొత్తవి పుట్టడం తగ్గుతుంది. స్టెరాయిడ్ వల్ల వచ్చిన ఎరుపు, క్రీము మానాక నెలలు గడిచేకొద్దీ చాలావరకు తగ్గుతుంది. బాగా విచ్చుకుపోయిన నాళాలు మాత్రం మిగులుతాయి.

రెండోది, కప్పెయ్యడం. ఆ పెద్దాయన ఆకుపచ్చ రంగు రహస్యం ఇదే. రంగుల చక్రంలో ఎరుపుకి ఎదురుగా వుండేది ఆకుపచ్చ. ఎర్రగీత మీద లేత ఆకుపచ్చ కరెక్టర్ పలచగా అద్ది, దానిమీద మన ఛాయకి సరిపోయే ఫౌండేషన్ వేస్తే ఎరుపు చచ్చిపోతుంది. రుద్దకూడదు, వేలికొనతో తట్టాలి.

ఈ సందర్భంలో సినీప్రియులకి ఒక తమాషా సంగతి. మూకీల కాలంలో వాడిన ఆర్థోక్రోమాటిక్ ఫిల్ము ఎరుపుని అసలు పట్టుకోలేకపోయేది. ఎర్రగా వున్నదల్లా తెరమీద నల్లగా పడేది! బుగ్గల్లో ఎరుపుంటే మసి పూసినట్టు కనబడేది. అందుకే ఆనాటి నటీనటులు అంత మందంగా రంగు పట్టించుకునేవారు. 1920ల చివరికి అన్ని రంగుల్నీ పట్టుకునే పాంక్రోమాటిక్ ఫిల్ము వచ్చాక ఆ బాధ తప్పింది. తరవాత హాలీవుడ్‌లో రంగుల సినిమా కోసం మాక్స్ ఫాక్టర్ కంపెనీ 1930లలో 'పాన్ కేక్' తయారుచేస్తే, ఆ పేరు మన మేకప్ గదుల్లో ఇప్పటికీ మోగుతోంది. మన 'లవకుశ' 1963లో రంగుల్లో వచ్చాక మనవాళ్ళకీ రంగు మీద రంగు దిద్దే విద్య అవసరమైంది. ఇప్పుడు 4కె కెమేరాలు వచ్చి రోమకూపాలు సైతం లెక్కపెడుతున్నాయి. ఇన్ని మార్పుల్లోనూ మారనిది ఒకటే: క్లోజప్‌లో ముఖాన్ని కాపాడేది ముందు మేకప్ పెట్టెే, తరవాతే మిషన్లు!

మూడోది, రాసుకునే మందులు. బ్రిమోనిడిన్, ఆక్సిమెటజోలిన్ అనే మందులు రొజేషియా ఎరుపుకి డాక్టర్లు రాస్తారు. అవి నాళాల్ని కొన్ని గంటలపాటు ముడుచుకునేలా చేస్తాయి. ఎరుపు తగ్గుతుంది, గీతలు మాత్రం పోవు. కొందరికి మందు దిగిపోయాక ఎరుపు రెట్టింపై తిరిగొస్తుంది కూడా. ఒకసారి శాశ్వతంగా విచ్చుకున్న నాళాన్ని పైన రాసే ఏ క్రీమూ చెరపలేదు. నిమ్మరసం, పసుపు, టూత్‌పేస్టు సంగతి ఇక చెప్పాలా? పలచబడ్డ చర్మం మీద నిమ్మరసం పిండడం పుండుమీద కారం చల్లడమే!

నాలుగోది, సూది. సన్నని సూదిమొన ద్వారా కరెంటుని పంపి నాళాన్ని మాడ్చెయ్యడం. ఎలక్ట్రోకాటరీ అంటారు. పాతపద్ధతి, ఖర్చు తక్కువ. ముక్కు పక్కన రెండు మూడు గీతలే వుంటే, చెయ్యి తిరిగిన డాక్టరైతే ఇది చాలు. చెయ్యి కాస్త బరువైతే మాత్రం చిన్నచిన్న గుంటలో, మచ్చలో మిగులుతాయి. ముఖం నిండా వున్నవాళ్ళకి ఇది పనికిరాదు.

కాళ్ళమీద ఇలాంటి నాళాలకి ఇంజక్షన్ ఇస్తారు. నాళంలోకి మందు ఎక్కించి మూసేస్తారు. మా అత్తకి కాలికి చేశారు, నాకు ముఖానికి చెయ్యండని అడక్కండి. ముఖంలోని నాళాలకి కంటితోనూ, మెదడుతోనూ సంబంధాలున్నాయి. అందుకే ముఖానికి మామూలుగా ఆ పద్ధతి వాడరు.

ఇక మిగిలింది అసలు హీరో... కాంతి!

లేజరు అంటే ఒకటి కాదు

లేజరు అనగానే మనకి జేమ్స్‌బాండ్ సినిమా గుర్తొస్తుంది. మొట్టమొదటి లేజరుని 1960లో అమెరికాలో థియొడార్ మైమన్ అనే శాస్త్రజ్ఞుడు వెలిగించాడు. చర్మం కాలకుండా లోపలి నాళాన్ని మాత్రమే కాల్చడం ఎలాగో 1983లో ఆండర్సన్, పారిష్ అనే ఇద్దరు అమెరికన్ డాక్టర్లు సూత్రం కట్టారు. సూత్రం చాలా తేలిక. నల్లచొక్కా ఎండని ఎక్కువ పీల్చుకుంటుంది, తెల్లచొక్కా తక్కువ పీల్చుకుంటుంది. అలాగే ఒక్కో రంగు పదార్థం ఒక్కో రకం కాంతిని ఇష్టంగా పీల్చుకుంటుంది. రక్తంలోని ఎర్రపదార్థం హిమోగ్లోబిన్ ఇష్టపడే కాంతిని, రెప్పపాటులో ఎన్నోవంతు కాలం మాత్రమే వదిలితే, నాళం లోపల రక్తం వేడెక్కి గడ్డకట్టి, నాళం గోడలు అతుక్కుపోతాయి. పక్కనున్న చర్మానికి వేడి పాకేలోపు కాంతి ఆగిపోతుంది. తరవాత కొన్ని వారాల్లో ఆ చచ్చిన నాళాన్ని శరీరమే శుభ్రం చేసుకుంటుంది.

అయితే ఇక్కడే వుంది చిక్కు! చర్మంలో కాంతిని పీల్చేది రక్తం ఒక్కటే కాదు. మన ఛాయకి కారణమైన మెలనిన్ కూడా పీలుస్తుంది. పైగా అది రక్తనాళానికంటే పైన, గుమ్మంలోనే కూర్చుని వుంటుంది. తెల్లదొర చర్మంలో మెలనిన్ తక్కువ గనక కాంతి సూటిగా నాళం దగ్గిరకి వెళుతుంది. మన చర్మంలో అయితే గుమ్మం దగ్గరే కాంతి చిక్కుకుని పైచర్మం కాలుతుంది. నా బుగ్గల మీది అగ్గిపెట్టె ముద్రలకి అర్థం అదీ!

కాంతి కొలతని నానోమీటర్లలో చెబుతారు. ఈ అంకె ఎంత పెరిగితే మెలనిన్ అంత తక్కువ పీలుస్తుంది, కాంతి అంత లోతుకి దిగుతుంది. ఇది గుర్తుపెట్టుకుంటే క్లినిక్కులో మిమ్మల్ని ఎవరూ బోల్తా కొట్టించలేరు.

కె.టి.పి. లేజరు 532 నానోమీటర్లు. సన్నని ఎర్రదారాలకి చక్కగా పనిచేస్తుంది, కాని తెల్లచర్మానికే నప్పుతుంది. మన చామనఛాయ మీద మచ్చలు పడే భయం ఎక్కువ.

పల్స్డ్ డై లేజరు 585 లేక 595. రక్తాన్ని వెతుక్కుంటూ పోవడంలో దీనికి పెద్దపేరు. చేసినచోట కొందరికి వంకాయరంగులో కమిలిపోయి వారం, రెండు వారాలు వుంటుంది. మన ఛాయకి శక్తి తగ్గించి, పైచర్మాన్ని చల్లబరుస్తూ, జాగ్రత్తగా చెయ్యాలి.

ఐ.పి.ఎల్. అసలు లేజరే కాదు! సుమారు 500 నుంచి 1200 వరకు అన్ని కాంతుల్నీ కలిపి కొట్టే మెరుపు దీపం. ముందు ఫిల్టరు పెట్టి అక్కర్లేని కాంతిని ఆపుతారు. ముఖం మొత్తం ఎరుపు వున్న తెల్లవాళ్ళకి బాగుంటుంది. ఎండకి నల్లబడ్డ చర్మం మీదా, ముదురు ఛాయ మీదా తెలియని చేతుల్లో ఇదే కొంప ముంచుతుంది. నాకు "లేజర్ సార్" అని చెప్పి కొట్టింది ఇదే.

లాంగ్ పల్స్ ఎన్.డి.యాగ్ 1064. మెలనిన్ దీన్ని తక్కువగా పీలుస్తుంది. అందుకని మన ఛాయ వాళ్ళకి తక్కినవాటికంటే భయం తక్కువ. లోతుగా వుండే నీలం గీతలకీ, ముక్కు పక్కన లావుపాటి నాళాలకీ బాగా అందుతుంది. అయితే శక్తి కొంచెం మోతాదు మించినా గుంట పడుతుంది. నొప్పి కూడా ఎక్కువే. రబ్బరు బ్యాండు సాగదీసి ముఖాన కొట్టినట్టుంటుంది.

ఇక్కడో మోసం వుంది, జాగ్రత్త! ఎన్.డి.యాగ్ లోనే క్యూ-స్విచ్డ్ అని ఇంకోరకం వుంది. పచ్చబొట్లు తియ్యడానికీ, 'లేజర్ ఫేషియల్' అని చేసేదానికీ వాడేది అది. దానిదీ 1064 అంకెే. కాని దాని దెబ్బ మరీ క్షణికం, ఎర్రదారాలకి సరైన పనిముట్టు అది కాదు. ఇద్దరు కవలల్లో ఒకడు మంచివాడు, ఒకడు వేరేవాడు... డబుల్ యాక్షన్ సినిమా అన్నమాట!

ఏ మిషన్ అయినా ఒక్క సిట్టింగులో మొత్తం మాయం అన్నది పోస్టరు మీది మాట. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో రెండు మూడు సిట్టింగులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడతాయి. పోయిన గీత పోతుంది గాని, కారణం అలాగే వుంటే పక్కన కొత్తది పుడుతుంది.

క్లినిక్కులో అడగవలసినవి

మొదట, చూసేది చర్మవైద్యంలో ఎం.డి. గాని డి.డి.వి.ఎల్. గాని చదివిన డాక్టరేనా? మిషన్ ఏది, ఎన్ని నానోమీటర్లు? నాలాంటి ఛాయవాళ్ళకి మీరు చేశారా? ముందు చెవి దగ్గర చిన్నచోట పరీక్షగా చేసి, కొన్ని వారాలు ఆగి చూస్తారా? కళ్ళకి కవచం పెడతారా? మొత్తం ఎన్ని సిట్టింగులు, మొత్తం ఖర్చెంత? వీటికి విసుక్కునే చోటు నుంచి లేచి వచ్చెయ్యండి. సినిమా బాగాలేకపోతే ఇంటర్వెల్లో లేచి రావడం లేదూ? ఇక్కడైతే టైటిల్స్ పడుతున్నపుడే లేచి రావాలి!

మీరు చెప్పవలసినవీ వున్నాయి. ఏ క్రీములు రాస్తున్నారో, మొటిమలకి ఐసోట్రెటినాయిన్ మాత్రలు వేసుకుంటున్నారో, ఈమధ్య ఎండకి బాగా నల్లబడ్డారో, గాయమైతే మచ్చ ఉబ్బెత్తుగా లేస్తుందో... ఏదీ దాచకండి. చేయించుకున్నాక ఒకటి రెండు రోజులు వాపు, ఎరుపు వుంటాయి. గోకడం, రుద్దడం వద్దు. ఎస్.పి.ఎఫ్. 30కి తగ్గని సన్‌స్క్రీన్, గొడుగు తప్పనిసరి.

ఇంకో హెచ్చరిక. గీతలతో పాటు కళ్ళు పచ్చబడినా, నడుమ చుక్కతో సాలీడు కాళ్ళలా వున్న గీతలు ఛాతీమీద చాలా వచ్చినా, పెదాలమీదా నాలుకమీదా ఎర్రచుక్కలుండి తరచు ముక్కునుంచి రక్తం కారుతున్నా, చలికి వేళ్ళు తెల్లబడి నీలమవుతున్నా, కీళ్ళనొప్పులతో బుగ్గలు ఎర్రబడుతున్నా... అది అందం సమస్య కాదు. లోపలి జబ్బు పంపిన ఉత్తరం కావచ్చు. వెంటనే డాక్టరుకి చూపించాలి.

తెనాలి చెల్లెలికి

అమ్మా! ముందు ఆ ట్యూబు తీసుకుని చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళు. పెట్టె మీద మందు పేరు చిన్న అక్షరాల్లో వుంటుంది, దాన్ని పారెయ్యకు, పట్టుకెళ్ళు. స్టెరాయిడ్ అయితే ఎలా ఆపాలో ఆయనే చెబుతారు. బలమైన మందైతే మెల్లగా తగ్గించవలసి రావచ్చు. ఆపాక కొన్ని వారాలు ముఖం ఎర్రగా మండుతుంది. "అమ్మో, ఇంతకంటే ఆ క్రీమే నయం" అనిపిస్తుంది. నాకూ అనిపించింది. రెండుసార్లు మళ్ళీ మొదలెట్టాను కూడా. మూడోసారి ట్యూబు చెత్తబుట్టలో పారేసి, మందుల షాపు వీధిలోంచి నడవడం మానేశాను!

నాకు డాక్టరుగారు ఆరునెలలు ఆగమన్నారు. ఆ ఆరునెలల్లో సగం ఎరుపు దానంతటదే పోయింది. మిగిలిన గీతలకి 1064తో మూడు సిట్టింగులు చేశారు. ఇప్పుడు ఎడమ ముక్కుపుటం పక్కన రెండు చిన్న గీతలు మిగిలాయి. "వీటిని కూడా తీసెయ్యమంటారా?" అని ఆయన అడిగితే, ఉండనివ్వండి అన్నాను. అద్దంలో కనబడినప్పుడల్లా పది రోజుల్లో హీరో అయిన సంగతి గుర్తుచేస్తాయి!

రెండు నెలల్లో అక్క పెళ్ళి అన్నావు. ఈలోగా లేజరు వద్దు. క్రీము రాస్తున్న చర్మం మీద అసలే వద్దు. మచ్చపడితే పెళ్ళినాటికి పోదు, ఆల్బంలో మాత్రం యాభయ్యేళ్ళు వుంటుంది. పెళ్ళిరోజున ఆకుపచ్చ కరెక్టర్ చాలు. మీ మేకప్ అమ్మాయికి ఈ పేజీ చూపించు.

ఆ మేకప్ పెద్దాయన్ని పోయిన నెల మళ్ళీ కలిశాను. నా గడ్డం పట్టుకుని బల్బు వైపు తిప్పి చాలాసేపు చూశాడు. "ఇప్పుడు నీ రంగు నీకొచ్చింది బాబూ" అన్నాడు. చామనఛాయకి అంతకంటే పెద్ద సర్టిఫికెట్ నాకింతవరకూ ఎవరూ ఇవ్వలేదు!

వచ్చేవారం: షూటింగుల్లో జుట్టుకి వేసే స్ప్రేలు, ఊడిపోయే వెంట్రుకలు. ఉత్తరాలు రాయండి. చివర్లో "ఇంకొక్క మాట" అని రాసేదేదైనా వుంటే, దయచేసి మొదటే రాయండి!